పీసీపీలో మెట్రిక్ పేర్లు వెతకడం: ఏ ఫంక్షన్ ఎక్కడ సరిపోతుంది

పెర్ఫార్మెన్స్ కో-పైలట్ (పీసీపీ) అనే, యంత్రాల పనితీరును కొలిచే వ్యవస్థ లైబ్రరీతో కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది మెట్రిక్కుల, అంటే కొలిచే అంశాల, పేర్ల దగ్గర. సిస్టమ్ మీద సగటు భారాన్ని మనం ‘కెర్నెల్.ఆల్.లోడ్’ అంటాం. విలువలు తెచ్చే పీఎం‌ఫెచ్‌కు ఆ పేరు అర్థం కాదు, దానికి పీఎంఐడీ అనే 32 బిట్ల నంబరు కావాలి. పేరును నంబరుగా, నంబరును పేరుగా మార్చడానికి, పేర్ల చెట్టులో ఏముందో చూడడానికి డజనుకు పైగా ఫంక్షన్లు ఉన్నాయి. వాటిలో చాలావరకు పైకి ఒకేలా కనిపిస్తాయి. తప్పుది ఎంచుకున్నా ప్రోగ్రాం ఒక యంత్రం మీద బాగానే నడుస్తుంది, పక్క యంత్రం మీదకు తీసుకెళ్లాకే బండారం బయటపడుతుంది. అందుకే ఈ పోలిక.

ఈ ఫంక్షన్లన్నీ సీ భాషలోని పీఎంఏపీఐ (పీసీపీ ప్రోగ్రామింగ్ ఇంటర్ఫేస్)లో భాగం. పేర్లన్నీ చిన్న అక్షరాల ‘పీఎం’తో మొదలవుతాయి, తర్వాత వచ్చే ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలవుతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. హెడర్ ఫైలు పీసీపీ డైరెక్టరీలోని పీఎంఏపీఐ డాట్ హెచ్. లింక్ చేసేటప్పుడు ఎల్‌పీసీపీ ఇవ్వాలి.

ముందు ఒక్క నియమం పెట్టుకుంటే సగం తప్పులు రావు: పేరును దాచుకోండి, నంబరును దాచుకోకండి. కాన్ఫిగరేషన్ ఫైలులో, డేటాబేస్‌లో, సోర్సు కోడులో ఉండాల్సింది పేరు. నంబరు ఒక కాంటెక్స్ట్ (ఒక యంత్రంతోనో, నమోదైన ఆర్కైవ్ ఫైలుతోనో పెట్టుకున్న సంబంధం) తెరిచిన తర్వాత అడిగి తెచ్చుకునేది, మహా అయితే ఆ కాంటెక్స్ట్ మూసేదాకా పనికొచ్చేది. ఎందుకో తెలియాలంటే నంబరు లోపల ఏముందో చూడాలి.

నంబరు లోపల ఏముంది

32 బిట్లలో పై బిట్ ఒకటి లైబ్రరీ సొంత అవసరానికి. తర్వాతి 9 బిట్లు డొమైన్, అంటే ఏ ఏజెంట్ (విలువలు సేకరించే భాగం) ఈ మెట్రిక్‌ను ఇస్తోందో చెప్పేవి. ఆ తర్వాత 12 బిట్లు క్లస్టర్, చివరి 10 బిట్లు ఐటెమ్. లినక్స్ కెర్నెల్ ఏజెంట్ డొమైన్ 60. కెర్నెల్.ఆల్.లోడ్ పీఎంఐడీని చుక్కలతో రాస్తే 60.2.0. అదే పూర్ణసంఖ్యగా రాస్తే 60ని 22 బిట్లు, 2ని 10 బిట్లు ఎడమకు జరిపి కలపాలి, 251660288 వస్తుంది. లాగ్ ఫైళ్లలో ఇంత పొడవు సంఖ్య కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. పీఎం‌ఐడీ‌స్ట్ర్ ఫంక్షన్‌కు ఇస్తే చుక్కల రూపంలో చూపిస్తుంది. అది ఒకే స్టాటిక్ బఫర్ వాడుతుంది కాబట్టి ఒకే ప్రింట్‌ఎఫ్ పిలుపులో రెండుసార్లు వాడితే రెండు చోట్లా ఒకే నంబరు పడుతుంది. అలాంటి చోట, థ్రెడ్లున్న ప్రోగ్రాములో, అండర్‌స్కోర్ ఆర్ తోకున్న రూపం వాడండి.

డొమైన్ ఏజెంట్‌ది కాబట్టి, ఇదే పేరున్న మెట్రిక్‌కు వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నంబరు వేరుగా ఉంటుంది. లినక్స్ మీద 60.2.0ని కోడులో నేరుగా రాసేసినవాళ్ల ప్రోగ్రాం మరో సిస్టమ్‌కు కనెక్ట్ కాగానే ‘తెలియని మెట్రిక్ నంబరు’ అన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఆగిపోతే అదృష్టమే. ఆ నంబరు అక్కడ మరో మెట్రిక్‌దైతే ప్రోగ్రాం ఆగదు, తప్పు గ్రాఫు గీస్తుంది.

పేరు నుంచి నంబరు: పీఎం‌లుకప్‌నేమ్

పేరు తెలిసి నంబరు కావాలంటే ఉన్న దారి ఇదొక్కటే. ఎంపిక ఫంక్షన్ల మధ్య ఉండదు, దీన్ని ఎలా పిలవాలన్న దాంట్లో ఉంటుంది. ఇది మూడు ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది: ఎన్ని పేర్లు, పేర్ల అర్రే, నంబర్లు నింపాల్సిన అర్రే. మూడోదానికి చోటు మనమే ముందుగా కేటాయించాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు లూప్‌లో ఒక్కో పేరుకూ ఒక్కో పిలుపు. దూరంలో ఉన్న సర్వర్‌తో పని చేస్తున్నప్పుడు ప్రతి పిలుపూ అక్కడ మెట్రిక్కులు అందించే పీఎంసీడీ డెమన్‌కు వెళ్లి రావాలి. 200 మెట్రిక్కులుంటే నెట్‌వర్క్ మీద 200 రాకపోకలు. రాకపోకకు 40 మిల్లీసెకన్లు పట్టే లింకు మీద ప్రోగ్రాం మొదలవడానికే 8 సెకన్లు పోతాయి. అదే 200 పేర్లనూ ఒక అర్రేలో పెట్టి ఒక్కసారి పిలిస్తే ఒకే రాకపోకతో పని తీరుతుంది. పేర్లు రెండైనా సరే, కలిపే అడగండి.

రెండో పొరపాటు ఫలితం చూడడంలో. ఫంక్షన్ తిరిగిచ్చేది విజయవంతంగా మారిన పేర్ల సంఖ్య, లేదా సున్నా కంటే తక్కువ ఎర్రర్ కోడ్. సున్నా కంటే తక్కువా అని మాత్రమే చూసి ముందుకెళ్లే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. 10 పేర్లలో 9 దొరికితే ఫలితం 9. అది సున్నా కంటే ఎక్కువే, కాబట్టి ఆ కోడ్‌కు అంతా బాగున్నట్టే. దొరకని పేరు ఉన్న చోట మాత్రం పీఎం_ఐడీ_నల్ అనే విలువ పడి ఉంటుంది. సరైన పరీక్ష ‘తిరిగొచ్చింది అడిగినంతా?’ అన్నది. సమానం కాకపోతే నంబర్ల అర్రేను మొదటి నుంచి చివరిదాకా చూసి, పీఎం_ఐడీ_నల్ ఉన్న ప్రతి చోటికీ సరిపడే పేరును ఎర్రర్ సందేశంలో చూపించండి. పేర్లకూ నంబర్లకూ వరుస ఎప్పుడూ ఒక్కటే కాబట్టి ఇది సులభం. ఒక్క పేరే అడిగినప్పుడు ఆ పేరుకు సంబంధించిన ఎర్రర్ కోడే నేరుగా వస్తుంది. కట్టగా అడిగి విఫలమైన పేర్లను మాత్రం మళ్లీ ఒక్కొక్కటిగా అడిగితే ప్రతిదానికీ అసలు కారణం తెలుస్తుంది.

ఆ కారణాల్లో రెండు తరచుగా వస్తాయి. ‘తెలియని మెట్రిక్ పేరు’ అంటే పీఎం_ఎర్_నేమ్, విలువ మైనస్ 12357. అక్షరం తప్పు పడిందేమో చూడండి, పేర్లలో చిన్న, పెద్ద అక్షరాల తేడా లెక్కలోకి వస్తుంది. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంటే ఆ యంత్రం మీద ఆ ఏజెంట్ ఇన్‌స్టాల్ అయి ఉండకపోవచ్చు. రెండోది పీఎం_ఎర్_నాన్‌లీఫ్: ఇచ్చిన పేరు చెట్టులో ఉంది గానీ అది ఆకు కాదు, కొమ్మ. ‘కెర్నెల్.ఆల్’ అంటే ఇదే వస్తుంది. కొమ్మకు నంబరుండదు. వాడేవాళ్లు టైపు చేసిన పేరు తీసుకునే ప్రోగ్రాములో ఈ రెండో ఎర్రర్‌ను తప్పుగా చూపించకుండా, దాని కింద ఉన్న మెట్రిక్కులన్నీ తెచ్చి ఇస్తే చక్కగా ఉంటుంది. పీసీపీతో వచ్చే పీఎంఇన్ఫో కమాండ్ కూడా కొమ్మ పేరు ఇస్తే దాని కిందివన్నీ చూపిస్తుంది.

పైథాన్‌లో రాసేవాళ్లకు చిన్న తేడా. అక్కడి పీఎం‌లుకప్‌నేమ్ మామూలుగా ఒక్క పేరు దొరకకపోయినా ఎక్సెప్షన్ విసురుతుంది. కొన్ని దొరక్కపోయినా సాగాలంటే రిలాక్స్‌డ్ అనే ఆర్గ్యుమెంటుకు 1 ఇచ్చి, తర్వాత నంబర్లను మీరే చూసుకోవాలి.

నంబరు నుంచి పేరు: ఒకటా, అన్నీనా

ఇక్కడ నిజంగా ఎంచుకోవాల్సింది ఉంది. పీఎం‌నేమ్‌ఐడీ ఒక పేరు ఇస్తుంది. పీఎం‌నేమ్‌ఆల్ ఆ నంబరుకున్న పేర్లన్నీ ఇచ్చి, ఎన్నో లెక్క చెబుతుంది. ఒకే నంబరుకు రెండు మూడు పేర్లుండడం పీసీపీలో చట్టబద్ధమే. పాత పేరును వదలకుండా కొత్త పేరు పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. అలాంటప్పుడు పీఎం‌నేమ్‌ఐడీ వాటిలో ఏది ఇస్తుందో ముందుగా చెప్పలేం.

తెర మీద మనిషి చదవడానికి పేరు చూపించాలంటే పీఎం‌నేమ్‌ఐడీ చాలు. వచ్చిన పేరును మరో పేరుతో పోల్చి నిర్ణయం తీసుకోవాలంటే అది పనికిరాదు. ఉదాహరణకు ఫిల్టర్ రాస్తున్నారనుకోండి, డిస్క్‌తో మొదలయ్యే పేర్లకే అనుమతి. మెట్రిక్‌కు రెండు పేర్లుండి రెండోది వస్తే ఫిల్టర్ దాన్ని వదిలేస్తుంది. అలాంటి చోట పీఎం‌నేమ్‌ఆల్ తెచ్చి ఏ ఒక్కటి సరిపోయినా ఒప్పుకోవాలి. ఇంకా మంచి మార్గం, ప్రోగ్రాం తనంతట తాను అడిగిన మెట్రిక్కులకు వెనక్కి వెతకకపోవడమే. పేర్ల అర్రే మీ దగ్గరే ఉంది, పీఎం‌ఫెచ్ ఇచ్చే ఫలితాలు కూడా అడిగిన వరుసలోనే వస్తాయి. నంబరు నుంచి పేరుకు వెళ్లే అవసరం నిజంగా వచ్చేది బయటి నుంచి నంబరు మాత్రమే చేతికందినప్పుడు: లాగ్‌లో కనిపించినప్పుడు, మరో ప్రోగ్రాం పంపినప్పుడు.

చెట్టులో తిరగడం

పేర్లు ముందుగా తెలియకపోతే చెట్టు తిరగాలి. మూడు దారులున్నాయి.

పీఎం‌గెట్‌చిల్డ్రన్ ఒక కొమ్మకు నేరుగా కింద ఉన్న పేర్లు ఇస్తుంది. ఖాళీ స్ట్రింగ్ ఇస్తే చెట్టు మొదలు నుంచి మొదలవుతుంది. వచ్చేవి పూర్తి పేర్లు కావు, ఆఖరి ముక్కలు మాత్రమే. ‘కెర్నెల్’ అడిగితే ‘ఆల్’ అని వస్తుంది గానీ ‘కెర్నెల్.ఆల్’ అని రాదు. మధ్యలో చుక్క పెట్టి అతికించుకోవడం మన పని, మొదలు దగ్గర మాత్రం చుక్క పెట్టకూడదు. ఆ ఒక్క చుక్క దగ్గరే ఎన్నో ప్రోగ్రాములు తప్పుతాయి. ఆకు పేరు ఇస్తే ఫలితం 0.

పీఎం‌గెట్‌చిల్డ్రన్‌స్టేటస్ అదే పని చేస్తూ ప్రతి పేరు పక్కనా అది ఆకా, కొమ్మా కూడా చెబుతుంది. ఆకుకు 0, కొమ్మకు 1. కిటికీలో చెట్టు బొమ్మ గీసి, ప్లస్ గుర్తు నొక్కితే విచ్చుకునేలా చేయాలంటే ఇదే సరైనది. పీఎం‌గెట్‌చిల్డ్రన్ వాడితే ప్లస్ గుర్తు పెట్టాలో వద్దో తెలుసుకోవడానికి ప్రతి బిడ్డకూ మళ్లీ పిలవాలి, అంటే మళ్లీ రాకపోకలు. స్టేటస్ రూపం ఉండగా పాతది కొత్త కోడులో వాడాల్సిన కారణం కనిపించదు. స్టేటస్ వద్దనుకుంటే ఆ ఆర్గ్యుమెంటుకు నల్ ఇవ్వవచ్చు కూడా.

మూడోది పీఎం‌ట్రావర్స్‌పీఎంఎన్‌ఎస్. పీఎంఎన్‌ఎస్ అంటే ఈ పేర్ల చెట్టే. మొదలుపెట్టాల్సిన పేరు, ఒక కాల్‌బ్యాక్ ఫంక్షన్ ఇస్తే, దాని కిందున్న ప్రతి ఆకుకూ పూర్తి పేరుతో ఆ కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. కొమ్మలు మధ్యలో కనిపించవు. ఒక కొమ్మ కిందున్న అన్ని మెట్రిక్కులూ కావాలంటే దీనికి సాటి లేదు. సర్వర్‌తో పని చేస్తున్నప్పుడు ఇది ఒకే అభ్యర్థన పంపి పేర్లన్నీ ఒక్కసారే తెస్తుంది. అదే పనిని పిల్లలను అడుగుతూ రికర్షన్‌తో చేస్తే ప్రతి కొమ్మకూ ఒక రాకపోక. మామూలు లినక్స్ యంత్రం మీదే మెట్రిక్కులు వందల్లో, ఒక్కోసారి వేలల్లో ఉంటాయి కాబట్టి తేడా కళ్లకు కనిపిస్తుంది.

కాల్‌బ్యాక్‌కు అందే పేరు లైబ్రరీ సొత్తు. పాయింటర్‌ను అలాగే అర్రేలో దాచుకుంటే తర్వాత చెత్త చదువుతారు. స్ట్ర్‌డప్‌తో కాపీ తీసుకోవాలి. ఇంకో సంగతి, మామూలు రూపంలో కాల్‌బ్యాక్‌కు పేరు తప్ప ఏమీ అందదు కాబట్టి పేర్లు పోగుచేయడానికి గ్లోబల్ వేరియబుల్ తప్పదు. అండర్‌స్కోర్ ఆర్ రూపం అదనంగా ఒక పాయింటర్‌ను కూడా కాల్‌బ్యాక్‌కు అందిస్తుంది. కొత్తగా రాసేవాళ్లు రెండోదే వాడాలని గట్టిగా చెప్పవచ్చు, థ్రెడ్లు లేకపోయినా సరే.

ఇక కలిపి చూస్తే సాధారణంగా జరిగే క్రమం ఇది: ట్రావర్స్‌తో పేర్లు పోగు చేయండి, ఆ మొత్తం అర్రేను ఒకే పీఎం‌లుకప్‌నేమ్‌కు ఇవ్వండి. రెండు రాకపోకలతో చెట్టు మొత్తం నంబర్లతో సహా చేతిలో ఉంటుంది.

ఎవరి చెట్టు? సర్వర్‌దా, ఆర్కైవ్‌దా, మీ ఫైలుదా

పేర్ల ఫంక్షన్లన్నీ ప్రస్తుత కాంటెక్స్ట్ మీద ఆధారపడతాయి. హోస్ట్ కాంటెక్స్ట్ తెరిస్తే పేర్లు ఆ యంత్రంలోని పీఎంసీడీ దగ్గర నుంచి వస్తాయి, మామూలుగా అది 44321 పోర్టు మీద వింటుంది. ఆర్కైవ్ కాంటెక్స్ట్ తెరిస్తే పేర్లు ఆర్కైవ్ మెటాడేటాలోవి, అంటే లాగర్ నమోదు చేసిన మెట్రిక్కులు మాత్రమే కనిపిస్తాయి. లోకల్ కాంటెక్స్ట్ పీఎంసీడీ లేకుండా ఏజెంట్లను లైబ్రరీలుగా మీ ప్రోగ్రాములోకే లోడ్ చేస్తుంది.

‘లైవ్‌లో పని చేసిన పేరు ఆర్కైవ్‌లో లేదంటోంది’ అన్న ఫిర్యాదుకు దాదాపు ఎప్పుడూ ఇదే కారణం: దాన్ని లాగ్ చేయలేదు. కోడులో వెతక్కుండా పీఎంఇన్ఫోకు మైనస్ ఏ తో ఆర్కైవ్ ఇచ్చి ఆ పేరు ఉందో లేదో చూస్తే నిమిషంలో తేలుతుంది. పీఎంఇన్ఫోతోనే మైనస్ ఎం నంబరు చూపిస్తుంది, మైనస్ డీ డిస్క్రిప్టర్, మైనస్ ఎఫ్ విలువలు. కోడు రాయకముందే ఈ మూడూ వాడి చూడడం మంచి అలవాటు.

పీఎం‌లోడ్‌నేమ్‌స్పేస్ అనే ఫంక్షన్ చూసి చాలామంది ప్రోగ్రాం మొదట్లో దాన్ని పిలవడం తప్పనిసరి అనుకుంటారు. మామూలు ప్రోగ్రాములకు అది అక్కర్లేదు, పైగా హాని. ఒక్కసారి లోడ్ చేస్తే అన్‌లోడ్ చేసేదాకా అన్ని కాంటెక్స్టుల్లోనూ పేర్లు ఆ ఫైలు నుంచే వస్తాయి. సర్వర్‌లోని అసలు పేర్లు పక్కకు పోతాయి. మీ ఫైలులోని నంబరు అవతలి యంత్రంలో లేకపోతే పీఎం‌లుకప్‌నేమ్ విజయవంతమై, పీఎం‌ఫెచ్ దగ్గర ఎర్రర్ వస్తుంది. తప్పు ఒక చోట, నొప్పి మరో చోట. ఈ దారి తీసుకోవాల్సింది రెండు సందర్భాల్లోనే: కొత్త ఏజెంట్ రాస్తూ దాని పేర్ల ఫైలును ఇన్‌స్టాల్ చేయకముందే పరీక్షించడానికి, కావాలనే పేర్లకు మరో అమరిక ఇవ్వడానికి. రెండోసారి లోడ్ చేయాలంటే ముందు పీఎం‌అన్‌లోడ్‌నేమ్‌స్పేస్ పిలవాలి, లేకపోతే డూప్ పీఎంఎన్‌ఎస్ ఎర్రర్ వస్తుంది. దీని తోబుట్టువు పీఎం‌లోడ్‌ఆస్కీనేమ్‌స్పేస్‌లో ఒకే నంబరుకు రెండు పేర్లు ఒప్పుకోవాలా అన్నది రెండో ఆర్గ్యుమెంటుతో చెప్పవచ్చు, కాబట్టి ఏజెంట్ రాసేవాళ్లు పొరపాటు నకళ్లను పట్టుకోవడానికి అది పనికొస్తుంది. పీఎం‌ట్రిమ్‌నేమ్‌స్పేస్ ఇలా లోడ్ చేసిన చెట్టులోంచి ఆర్కైవ్‌లో లేని పేర్లను తీసేస్తుంది. ఆర్కైవ్ సొంత పేర్లే వాడుతుంటే దాని అవసరం లేదు.

ఇప్పుడు పేర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అనుమానం వస్తే పీఎం‌గెట్‌పీఎంఎన్‌ఎస్‌లొకేషన్ అడగండి. లోకల్, రిమోట్, ఆర్కైవ్ అన్న మూడింటిలో ఒకటి చెబుతుంది. పీఎంఎన్‌ఎస్_డిఫాల్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఎవరైనా పెట్టి మరచిపోయారేమో కూడా చూడండి. డీఫాల్ట్‌గా ఏ పేర్ల ఫైలు లోడ్ కావాలో అది మార్చేస్తుంది.

పేరు తెలిశాక: డిస్క్రిప్టర్

నంబరు చేతికొచ్చాక వెంటనే విలువ తెచ్చి ముద్రిస్తే తప్పు అర్థం వస్తుంది. పీఎం‌లుకప్‌డెస్క్ ఇచ్చే వివరంలో డేటా టైపు, ఇన్‌స్టెన్స్ డొమైన్ (ఒకే మెట్రిక్ కింద వేర్వేరు విలువలున్నవాటి జాబితా), సెమాంటిక్స్ (విలువను ఎలా అర్థం చేసుకోవాలి), యూనిట్లు ఉంటాయి. సెమాంటిక్స్ కౌంటర్ అయితే ఆ సంఖ్య ఎప్పటి నుంచో పోగవుతున్న లెక్క. రెండు సార్లు తెచ్చి, తేడాను మధ్య గడిచిన కాలంతో భాగిస్తేనే అర్థం. ఇన్‌స్టెంట్ అయితే ఉన్నదున్నట్టు వాడవచ్చు, డిస్క్రీట్ అంటే అరుదుగా మారేది, ప్రాసెసర్ల సంఖ్య చెప్పే హెచ్‌ఇన్వ్.ఎన్‌సీపీయూ లాంటిది. మెట్రిక్కులు ఎక్కువుంటే బహువచన రూపం పీఎం‌లుకప్‌డెస్క్స్ వాడండి, నంబర్ల అర్రే మొత్తానికీ ఒకేసారి తెస్తుంది. పాత వెర్షన్లలో ఈ రూపం లేదు కాబట్టి అక్కడ కూడా నడవాల్సిన ప్రోగ్రాంలో ఒక్కొక్కటిగా అడిగే దారి ఉంచుకోవాలి. మనిషికి చూపించాల్సిన వివరణ పీఎం‌లుకప్‌టెక్స్ట్ ఇస్తుంది, ఒక్క వాక్యమా పెద్ద వివరణా అన్నది ఆర్గ్యుమెంటుతో ఎంచుకోవచ్చు.

ఇన్‌స్టెన్సుల పేర్లు

ఒక మెట్రిక్‌కు అనేక విలువలుంటే, అంటే డిస్కుకొకటి, ప్రాసెస్‌కొకటి, ప్రతిదానికీ మళ్లీ ఒక పేరు, ఒక అంతర్గత నంబరు ఉంటాయి. కెర్నెల్.ఆల్.లోడ్‌లో మూడు: 1, 5, 15 నిమిషాలవి. ఇక్కడా మూడు ఫంక్షన్లే. పీఎం‌గెట్‌ఇన్‌డోమ్ మొత్తం జాబితా ఇస్తుంది, పీఎం‌లుకప్‌ఇన్‌డోమ్ ఒక పేరుకు నంబరు, పీఎం‌నేమ్‌ఇన్‌డోమ్ ఒక నంబరుకు పేరు.

ఒకటీ రెండూ కావాలంటే లుకప్. అంతకు మించితే గెట్‌ఇన్‌డోమ్ ఒక్కసారి పిలిచి మీ దగ్గరే పట్టిక కట్టుకోండి, ఎందుకంటే ఈ లుకప్‌కు కట్టగా అడిగే రూపం లేదు. వందల ప్రాసెస్‌లకు ఒక్కొక్కటిగా పేరు అడిగితే ప్రాసెస్‌లు పుట్టి చచ్చే వేగం కంటే మీ ప్రోగ్రామే నెమ్మదిగా ఉంటుంది.

పేరు పోల్చేటప్పుడు మొదటి ఖాళీ దాకా ఉన్న భాగమే లెక్క. ప్రాసెస్ ఇన్‌స్టెన్స్ పేరులో ముందు 6 అంకెల ప్రాసెస్ నంబరు, ఖాళీ, తర్వాత కమాండ్ ఉంటాయి. కాబట్టి 001234 అని ఇస్తే చాలు, కమాండ్ మొత్తం ఇవ్వక్కర్లేదు. ముందున్న సున్నాలు మాత్రం వదలకండి.

ఆర్కైవ్‌లో మరో చిక్కు. పీఎం‌గెట్‌ఇన్‌డోమ్ ఆర్కైవ్‌లో మనం నిలబడిన సమయానికి ఉన్న ఇన్‌స్టెన్సులే ఇస్తుంది. మధ్యలో తగిలించి తీసేసిన డిస్కు మొదట్లో నిలబడితే కనిపించదు. ఆర్కైవ్ మొత్తంలో ఎప్పుడో ఒకప్పుడు ఉన్నవన్నీ కావాలంటే పేరు చివర ‘ఆర్కైవ్’ అని ఉన్న రూపం వాడాలి, మూడు ఫంక్షన్లకూ అలాంటి జోడీ ఉంది. రిపోర్టు నిలువు వరుసలు ముందే నిర్ణయించుకోవాలంటే ఆర్కైవ్ రూపమే సరి. లైవ్ కాంటెక్స్ట్‌లో అవి పని చేయవు.

మెమరీ ఎవరు వదలాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, రోజుల తరబడి నడిచే మానిటరింగ్ ప్రోగ్రాంలో మాత్రం ఇదే కొంప ముంచుతుంది. పీఎం‌నేమ్‌ఐడీ, పీఎం‌నేమ్‌ఇన్‌డోమ్, పీఎం‌లుకప్‌టెక్స్ట్ ఇచ్చే స్ట్రింగులను ఫ్రీ చేయాలి. పీఎం‌నేమ్‌ఆల్, పీఎం‌గెట్‌చిల్డ్రన్ ఇచ్చే జాబితాలో పాయింటర్లూ స్ట్రింగులూ ఒకే ముక్కగా కేటాయించి ఉంటాయి. జాబితాకు ఒక్క ఫ్రీ చాలు. అలవాటు కొద్దీ లోపలి స్ట్రింగులను కూడా లూప్‌లో ఫ్రీ చేస్తే ప్రోగ్రాం కుప్పకూలుతుంది. స్టేటస్ రూపానికి రెండు ఫ్రీలు: పేర్లకొకటి, స్టేటస్‌లకొకటి. పీఎం‌గెట్‌ఇన్‌డోమ్‌కు కూడా రెండు. డిస్క్రిప్టర్‌కు, పీఎం‌లుకప్‌నేమ్‌కు చోటు మనదే కాబట్టి అక్కడ లైబ్రరీ తరఫున వదలాల్సిందేమీ లేదు. పిలవకముందు పాయింటర్లకు నల్ పెట్టి, ఫలితం 0 కంటే ఎక్కువైతేనే ఫ్రీ చేయడం నిశ్చింత.

ఇవేమీ వద్దనుకుంటే: ఫెచ్‌గ్రూప్

తెలిసిన కొన్ని మెట్రిక్కులను క్రమం తప్పకుండా చదవడమే పనైతే పైవన్నీ చేత్తో రాయకండి. పీఎం‌క్రియేట్‌ఫెచ్‌గ్రూప్‌తో గుంపు తయారు చేసి, పీఎం‌ఎక్స్‌టెండ్‌ఫెచ్‌గ్రూప్_ఐటెమ్‌తో మెట్రిక్ పేరు, ఇన్‌స్టెన్స్ పేరు, కావాల్సిన యూనిట్, విలువ పడాల్సిన చోటు ఇస్తే పేరు వెతకడం, డిస్క్రిప్టర్, యూనిట్ల మార్పు, కౌంటర్లను రేటుగా మార్చడం అన్నీ అదే చూసుకుంటుంది. తర్వాత ప్రతిసారీ ఒక్క పీఎం‌ఫెచ్‌గ్రూప్ పిలుపు. కౌంటర్‌కు రేటు వద్దు, ముడి విలువే కావాలంటే యూనిట్ చోట ‘ఇన్‌స్టెంట్’ అని ఇవ్వాలి. రేటుకు రెండు నమూనాలు కావాలి కాబట్టి మొదటి పిలుపుకు ఆ చోట విలువ ఉండదు, స్టేటస్ చూడకుండా ముద్రిస్తే మొదటి వరుసలో చెత్త వస్తుంది.

ఇందులో ఎక్కువమంది జారేది పాయింటర్ల దగ్గర. ఎక్స్‌టెండ్‌కు ఇచ్చిన చిరునామాల్లోకి లైబ్రరీ ప్రతి ఫెచ్‌కూ రాస్తుంది. సెటప్ ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్ చిరునామా ఇస్తే, ఆ ఫంక్షన్ ముగిశాక కూడా అక్కడికే రాస్తూ మరొకరి డేటాను పాడు చేస్తుంది. స్టాటిక్‌గానో, మాలక్ చేసిన స్ట్రక్చర్‌లోనో ఉంచండి. ఇన్‌స్టెన్సులన్నీ తెచ్చే _ఇన్‌డోమ్ రూపానికి అర్రే పరిమాణం ముందే చెప్పాలి, అంతకు మించినవి అందులో పట్టవు. ప్రాసెస్‌ల లాంటి ఊహించలేని జాబితాలకు అందుకే ఫెచ్‌గ్రూప్ సరిపడదు. పేర్లు ముందుగా తెలియని బ్రౌజర్ తరహా ప్రోగ్రాములకు కూడా కింది స్థాయి ఫంక్షన్లే కావాలి.

మీరు కట్టుకునే పేర్లు, మధ్యలో పుట్టే పేర్లు

ఉన్న మెట్రిక్కుల మీద లెక్క కట్టి కొత్త పేరు పెట్టుకోవాలంటే డిరైవ్డ్ మెట్రిక్ నమోదు చేయవచ్చు. పీఎం‌రిజిస్టర్‌డిరైవ్డ్ ప్రోగ్రాం మొత్తానికి వర్తిస్తుంది, కాంటెక్స్ట్ తెరవకముందే పిలవాలి. పీఎం‌యాడ్‌డిరైవ్డ్ ప్రస్తుత కాంటెక్స్ట్‌కే. మొదటిదానిలో విజయానికి గుర్తు నల్, విఫలమైతే సూత్రంలో తప్పు పడిన చోటు చూపే పాయింటర్ వస్తుంది. నల్ వచ్చిందని ఎర్రర్ చూపించే కోడ్ రాయకండి. సందేశం కావాలంటే పీఎం‌డిరైవ్డ్‌ఎర్‌స్ట్ర్ ఇస్తుంది. ఒకే ప్రోగ్రాం పలు రకాల సర్వర్లతో మాట్లాడుతుంటే రెండోది మేలు, ఒక్కో దానికి తగిన సూత్రం ఇవ్వవచ్చు.

కొన్ని పేర్లు ప్రోగ్రాం నడుస్తుండగా పుడతాయి. ఎంఎంవీ ఏజెంట్ ద్వారా అప్లికేషన్లు ఇచ్చే మెట్రిక్కులు ఆ అప్లికేషన్ మొదలయ్యాకే చెట్టులోకి వస్తాయి. మొదట్లో పీఎం‌లుకప్‌నేమ్ విఫలమైన పేర్లను పూర్తిగా తీసేయకుండా పక్కన పెట్టుకుని మళ్లీ అడగాలి. ఎప్పుడు అడగాలో పీఎం‌ఫెచ్ తిరిగిచ్చే విలువే చెబుతుంది. 0 కంటే ఎక్కువొస్తే అది ఎర్రర్ కాదు, ఏజెంట్ చేరింది, తొలగింది, మళ్లీ మొదలైంది అన్న బిట్లు. కొత్త వెర్షన్లలో పేర్లు మారాయన్న బిట్ కూడా ఉంది. వీటిలో ఏది కనిపించినా, దొరకని పేర్లతో పాటు దొరికిన పేర్లను కూడా మరోసారి ఒకే కట్టగా అడగండి. పీఎంసీడీ పడిపోయి పీఎం‌రీకనెక్ట్‌కాంటెక్స్ట్‌తో తిరిగి కలిసినప్పుడు కూడా అంతే, ఆ మధ్యలో ఎవరైనా ఏజెంట్‌ను అప్‌గ్రేడ్ చేసి ఉంటే నంబర్లు మారి ఉండవచ్చు. పేర్లు దాచుకున్న ప్రోగ్రాంకు అది ఒక్క పిలుపు పని.